బహుమానమా, ఇనామా? : టామ్‌వర్త్ 'బంగారు గిటారు' సభ

'బహుమానం' అన్న మాటను నేడు మనం కప్పులకు, పతకాలకు, పుస్తకాలకు వాడుతున్నాము. కాని మాట పుట్టుకను పరిశీలిస్తే అందులో వస్తువు ప్రసక్తి లేదు. బహు, మానము అను రెండు పదాల కలయిక అది. మిక్కిలి గౌరవం అని దాని అర్థం. మన విద్యార్థులలో పలువురి ఇంటి భాషలో దీనికి సాటిగా వినవచ్చే మాట 'ఇనాం'. అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగును చేరిన ఈ మాటకు అనుగ్రహించి ఇచ్చినది అని అర్థం. ప్రభువు దయతో ఇచ్చిన భూమిని మన పల్లెలలో ఇనాం భూమి అనుట అందుచేతనే. మొదటి మాటలో గౌరవం ఉన్నది. రెండవ మాటలో దాత ఉన్నాడు. ఒక సభ ఒక కళాకారునికి ఇచ్చునది ఈ రెండింటిలో ఏది? ఈ ప్రశ్నను ఆస్ట్రేలియా దేశపు పట్టణమొకదానిలో ఏటేటా జరిగే సంగీత పురస్కార సభను ఆధారం చేసుకొని పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ పట్టణం పేరు టామ్‌వర్త్. సిడ్నీ నగరానికి ఉత్తరాన సుమారు 400 కిలోమీటర్ల దూరంలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, పీల్ నది ఒడ్డున ఉన్నది. చుట్టుప్రక్కల గొర్రెల మందలు, పశువుల మేత భూములు, గోధుమ చేలు. పురపాలక సంఘమే విద్యుత్తును ఉత్పత్తి చేసి 1888లో వీధి దీపాలు వెలిగించిన ఊరిగా దానికి పూర్వమే ఒక పేరు ఉండేది. నేడు మాత్రం ఆ ఊరి పేరు చెప్పగానే స్ఫురించేది 'కంట్రీ' సంగీతమే. ప్రతి జనవరిలోను సుమారు పది దినాలపాటు అక్కడ సంగీతోత్సవం సాగుతుంది. పీల్ వీధి పొడవునా గాయకులు నిలబడి పాడుతారు. ఉత్సవం ముగింపు దినాలలో ఒక రాత్రి 'బంగారు గిటారు' పురస్కారాలను ప్రదానం చేస్తారు.

కంట్రీ సంగీతమనగా ఏమి? దానిని మన జానపద గేయంతో సమానమని తొందరపడి అనరాదు. జానపద గేయానికి కర్త తెలియడు; అది నోటినుండి నోటికి సాగుతూ మారుతుంది. కంట్రీ పాటకు కర్త ఉన్నాడు, రికార్డు ఉన్నది, అమ్మకం ఉన్నది. కాని వస్తువును బట్టి చూస్తే రెండూ చుట్టాలే. పశువులను తోలేవారు, గొర్రెల ఉన్ని కత్తిరించేవారు, దూరపు బాటలలో లారీలు నడిపేవారు, వాన కోసం ఎదురుచూచే రైతులు ఈ పాటలలో కనిపిస్తారు. దీని బాణీ అమెరికా నుండి వచ్చినది. న్యూజిలాండులో పుట్టిన టెక్స్ మార్టన్ 1936లో సిడ్నీలో రికార్డు చేసిన పాటలతో ఆస్ట్రేలియాలో ఈ సంగీతానికి పునాది పడినది. బాణీ ఎరువు తెచ్చుకొన్నదైనా క్రమక్రమంగా పాటలోని నేల, చెట్టు, మనిషి స్వంతమైనాయి. ఒక వాఙ్మయం మరొక వాఙ్మయం నుండి ఛందస్సును స్వీకరించి తన కథను చెప్పుకొనుట మనకు క్రొత్త కాదు. ఉర్దూ గజల్ చరిత్ర తెలిసినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక సభ పుట్టుకను చూద్దాము. టామ్‌వర్త్‌లో 2టీఎం అను రేడియో కేంద్రం ఉన్నది. 1960 దశకంలో టెలివిజన్ వచ్చి సాయంకాలపు శ్రోతలను లాగుకొనిపోవుచుండగా, ఆ కేంద్రం రాత్రివేళ ప్రత్యేక సంగీత కార్యక్రమాలను ఆరంభించినది. అందులో ఒకటి 1965లో మొదలైన 'హోడౌన్' అను కంట్రీ కార్యక్రమం. దానిని జాన్ మిన్సన్ నిర్వహించేవాడు. రాత్రివేళ రేడియో తరంగాలు బహుదూరం పోతాయి కదా! ఎక్కడో దూరాన ఒంటరి ఇళ్ళలోను, లారీలలోను ఉన్నవారు ఆ కార్యక్రమం వింటున్నారని కేంద్రం వారికి తెలియవచ్చినది. నగరాలలో చిన్నచూపు చూడబడుతున్న పాటకు ఇంత పెద్ద శ్రోతృ సమాజం ఉన్నదన్న ఎరుక అప్పుడు కలిగినది. 1969 నాటికి వారు తమ పట్టణాన్ని 'కంట్రీ సంగీత రాజధాని' అని ప్రచారం చేయ మొదలిడినారు. 1973 జనవరిలో టామ్‌వర్త్ పురమందిరంలో మొదటి పురస్కార సభ జరిగినది.

ఈ క్రమాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. ముందు వినేవారు ఉన్నారు. తరువాత వారు ఉన్నారని గుర్తించినవారు వచ్చినారు. ఆ తరువాతనే సభ, బంగారు గిటారు. పురస్కారం పాటను పుట్టించలేదు. ఉన్న పాటకు తల ఎత్తుకొని నిలిచే చోటు కల్పించినది.

మొదటి బంగారు గిటారు ఎవరికి దక్కినదో చెప్పితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అది జాయ్ మెకీన్ అను రచయిత్రికి, ఆమె వ్రాసిన 'లైట్స్ ఆన్ ది హిల్' పాటకు లభించినది. బరువైన లారీతో రాత్రి కొండదారిన పోతున్న డ్రైవరు, ఎదుటి దీపాల వెలుగులో కళ్ళు చెదరి ప్రాణాపాయంలో పడుట ఆ పాట వస్తువు. ఆ వస్తువు ఆమెకు పుస్తకాలలో దొరికినది కాదు. బాల్యంలో పోలియో సోకిన ఆమె, భర్త స్లిమ్ డస్టీతో కలిసి 1954 నుండి సంచార ప్రదర్శనలతో దేశమంతటా తిరిగినది. ఆ రాత్రి బాటలన్నీ ఆమె ఎరిగినవే. పాడినవాడు స్లిమ్ డస్టీ. 1927లో జన్మించిన అతని అసలు పేరు డేవిడ్ గోర్డన్ కర్క్‌పాట్రిక్. పాడి పశువుల పొలంలో పెరిగిన ఈ గాయకుడు తన జీవితకాలంలో ముప్పైకి మించి బంగారు గిటారులను అందుకొన్నాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడల ముగింపు ఉత్సవంలో పాడినాడు. 2003లో మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి. జాయ్ మెకీన్ 2023లో కన్నుమూసినది.

అయితే ఈ సభలో లోపాలు లేవా? రెండు ప్రశ్నలను దాచక చెప్పుకోవాలి.

మొదటిది వ్యాపారం. రేడియో కేంద్రం ధర్మసత్రం కాదు. శ్రోతలను నిలుపుకొనుట దానికి అవసరం. యాత్రికులు వచ్చుట పట్టణంలోని హోటళ్ళకు, అంగళ్ళకు అవసరం. 1988లో ఊరి ప్రక్క 12 మీటర్ల ఎత్తైన బంగారు గిటారు బొమ్మను నిలిపినారు. ఇది కళకు గౌరవమా, ప్రకటన ఫలకమా అని ఎవరైనా అడిగితే, రెండూ అని ఒప్పుకొనవలసినదే. అయినా ఇందుకు ఒక విరుగుడు కూడా జరిగినది. 1992లో ఆస్ట్రేలియా కంట్రీ సంగీత సంఘం ఏర్పడి పురస్కారాల బాధ్యతను స్వీకరించినది. స్లిమ్ డస్టీ, జాయ్ మెకీన్ దాని స్థాపకులలో ఉన్నారు. అనగా పాడేవారే తమ సభను తమ చేతిలోనికి తీసుకొన్నారు. అమెరికా పోకడల పాటలు ఎక్కువైన కాలంలో సయితం దేశీయమైన 'బుష్ బాలడ్'కు, అనగా అడవిబయళ్ళ కథాగేయానికి, వేరుగా ఒక పురస్కారం ఉంచుట మెచ్చదగినది.

రెండవ ప్రశ్న ఇంతకంటె లోతైనది. టామ్‌వర్త్ నేల తరతరాలుగా కమిలరోయి ఆదివాసులది. ఉత్సవం జరిగేది జనవరి 26 నాటి జాతీయ సెలవు దినానికి చేరువలో. 1788లో ఆంగ్లేయుల నౌకలు వచ్చి నిలిచిన ఆ దినాన్ని ఆదివాసులు 1938లోనే శోకదినంగా ప్రకటించినారు. పశువుల పొలాలలో ఆదివాసులు చాకిరీ చేసినారు, కంట్రీ పాటను తమదిగా చేసుకొని పాడినారు. యోర్టా యోర్టా జాతికి చెందిన జిమ్మీ లిటిల్ 1963లోనే దేశమంతటా ప్రసిద్ధుడైనాడు. టామ్‌వర్త్‌లోని గౌరవ పట్టికలో ఆయన పేరు చేరినది 1994లో. ఆ తరువాతి తరంలో ట్రాయ్ కాసర్-డేలీ వంటి ఆదివాసీ గాయకుడు అనేక బంగారు గిటారులను గెలిచినాడు. తలుపు తెరుచుకొన్నది నిజమే. ఆలస్యంగా తెరుచుకొన్నది అనుట కూడా నిజమే. ఏ సభ అయినా ఎవరిని గౌరవించినదో దానిని బట్టి ఎంత విలువ పొందుతుందో, ఎవరిని ఎంతకాలం వాకిట నిలిపినదో దానిని బట్టి కూడా అంతే విలువ కట్టబడుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పైనున్నవాడు క్రిందివానికి ఇచ్చినప్పుడు అది ఇనాం. తన పాటను తానెరిగిన సమాజం, ఆ పాట కట్టినవానిని పిలిచి తన ఎదుట నిలుపుకొన్నప్పుడు అది బహుమానం. టామ్‌వర్త్ సభలో రెండింటి పాలూ ఉన్నది. కాని లారీ డ్రైవరు కథ వ్రాసిన స్త్రీకి మొదటి గిటారు ఇచ్చిన ఆ 1973 నాటి రాత్రి మాత్రం బహుమానం వైపే మొగ్గినదని నా అభిప్రాయం.

విద్యార్థులారా! మన కళాశాల వార్షికోత్సవంలోను పాటల పోటీలు జరుగుతాయి, కప్పులు ఇస్తాము. పోటీలో పాడేవి చాలవరకు సినిమా పాటలే. మన అమ్మలు, నాన్నమ్మలు పెండ్లిలో పాడే ఢోలక్ గీతాలు, నాట్లలో పాడే తెలుగు పాటలు వేదిక ఎక్కుట అరుదు. అవి తక్కువవి కావు. వాటిని వినేవారు ఉన్నారని మనమింకా లెక్కించలేదు, అంతే. కనుక ఈ సెలవులలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాటను, పాడినవారి పేరు, ఊరు, పాడే సందర్భంతో సహా వ్రాసి తీసుకొనిరండి. కళాశాల సంఘం పెద్దలు వచ్చే వార్షికోత్సవంలో ఆ పాటలకొక గంట సమయం కేటాయించవలెనని, పాడిన తల్లులను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెనని సవినయంగా కోరుతున్నాను. కప్పు లేకపోయినా ఫరవాలేదు. ముందు విందాము.