ఏమీ చెప్పుకోనక్కర్లేని గది

అట్లాంటా నుంచి జార్జియా 400 పట్టుకుని ఉత్తరానికి వెళ్తే వచ్చే కమ్మింగులో, దాని చుట్టూ ఉన్న ఫోర్సైత్ కౌంటీలో తెలుగు వినపడని సబ్‌డివిజన్ ఇప్పుడు అరుదు. 2000లో లక్షకు లోపే ఉన్న కౌంటీ జనాభా 2020 నాటికి రెండున్నర లక్షలు దాటింది. యోగా నేర్పేవాళ్లకూ ఇక్కడ కొదవ లేదు. క్లబ్‌హౌసుల్లో, ఇళ్ల బేస్‌మెంట్లలో తరగతులు నడుస్తూనే ఉంటాయి. కానీ నడుంనొప్పికి నేర్పే తరగతి వేరు, నిద్రపట్టని మనిషి కోసం, దుఃఖం గొంతులోనే ఆగిపోయిన మనిషి కోసం నడిపే బృందం వేరు. ఈ రెండోది మొదలుపెట్టాలనుకునే టీచర్లకు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందు మీ దగ్గరికి ఎవరు వస్తారో ఆలోచించండి. ఉద్యోగం పోయిన హెచ్1బి ఉద్యోగికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఇంటి అప్పు, పిల్లల చదువు, ఉండాలా వెళ్లిపోవాలా అన్నది ఆ గడువులోనే తేలాలి. తండ్రి పోయాడని తెలిసినా, వెళ్తే వీసా స్టాంపింగ్ కుదిరి తిరిగి రాగలమో లేదో అన్న భయంతో ఫోన్ తెర మీద అంత్యక్రియలు చూసినవాళ్లున్నారు. రాత్రి ఇండియా టీముతో కాల్స్, పొద్దున ఇక్కడి మీటింగులు, నడుమ చంటిబిడ్డ ఏడుపు, వీటి మధ్య నలిగిపోయే తల్లులున్నారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చి, కారు నడపలేక, పలకరించే మనిషి లేక గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లున్నారు.

వీళ్లలో చాలామంది తమ బాధను పక్కింటివాళ్లతో కూడా అనరు. దానికి బలమైన కారణమే ఉంది. పిల్లలకు తెలుగు నేర్పే మనబడిలో కలిసేదీ, గుడిలో కలిసేదీ, పుట్టినరోజు భోజనాల్లో కలిసేదీ ఆ నాలుగు కుటుంబాలే. ఉద్యోగానికి రెఫరల్ ఇవ్వాల్సిందీ వాళ్లే, రేపు పెళ్లి సంబంధం గురించి వాకబు చేసేదీ వాళ్లనే. అందుకే ఇక్కడ బృందం నిలబడుతుందా లేదా అన్నది మీరు ఏ ఆసనాలు ఎంచుకున్నారన్న దాని మీద కన్నా, గుట్టు ఎంత బాగా కాపాడారన్న దాని మీదే ఆధారపడుతుందని నా గట్టి నమ్మకం.

కాబట్టి అందరూ గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకునే పద్ధతి పెట్టవద్దు. నోరు విప్పకుండానే వచ్చి, చేసి, వెళ్లిపోయే వీలుండాలి. చెప్పుకోవాలనుకునేవాళ్లకు విడిగా సమయం ఇవ్వండి. వాట్సాప్ గ్రూపు వద్దు, అందులో ఎవరెవరున్నారో అందరికీ కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. ఫోటోలు తీయవద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. కరపత్రం మీద ‘డిప్రెషన్‌కు యోగా’ అని పెద్దక్షరాలతో వేస్తే అవసరమైనవాళ్లే దూరంగా ఉండిపోతారు. ‘యోగా, విశ్రాంతి’ అని వేసి, ఫోన్ చేసినవాళ్లకు అసలు ఉద్దేశం ఏమిటో స్పష్టంగా చెప్పండి. పేరు నమోదు చేసుకునేటప్పుడే, ఒకే కంపెనీవాళ్లో ఒకే వీధివాళ్లో బృందంలో ఉంటే ఇబ్బందా అని అడగండి. ఇబ్బంది అంటే, ఇంకో బృందం మొదలయ్యేదాకా ఆగమనండి.

మొదటి రోజుకు ముందే ప్రతి ఒక్కరితో విడిగా అరగంట మాట్లాడాలి. రక్తపోటు, షుగరు, గ్లకోమా, గర్భం, మోకాళ్లు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, నిద్ర గురించి అడగాలి. తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని అడగడానికి మనవాళ్లకు నోరు రాదు: ‘చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషికి కావలసింది శనివారం తరగతి కాదు, ఆ రోజే అందే సాయం. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్లకు సాయపడే 988 లైన్‌కు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. 2022 జులై నుంచి దేశమంతటా అదే నంబరు. ఇంగ్లీషు రానివాళ్లు ఫోన్‌లో దుబాసీ కావాలని అడగవచ్చు. జార్జియా రాష్ట్రానికి వేరే లైన్ కూడా ఉంది: 1-800-715-4225. ప్రాణాపాయం కళ్లెదుట ఉంటే 911. ఈ నంబర్లు గది గోడ మీద కాకుండా ప్రతి ఒక్కరికీ ఇచ్చే కాగితం వెనక ఉండాలి. గోడ వైపు చూడటానికి కూడా సిగ్గుపడేవాళ్లుంటారు.

ఎంతమందిని తీసుకోవాలి? 2020లో జామా సైకియాట్రీలో ఒక అధ్యయనం వచ్చింది. జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అనే ఆందోళన రుగ్మత ఉన్న 226 మందిని మూడు భాగాలు చేసి, కొందరికి కుండలినీ యోగా, కొందరికి సీబీటీ అనే మానసిక చికిత్స, మిగతావాళ్లకు ఒత్తిడి గురించిన పాఠాలు ఇచ్చారు. నలుగురి నుంచి ఆరుగురి దాకా ఒక బృందం, బృందానికి ఇద్దరు నడిపేవాళ్లు, రెండేసి గంటల సెషన్లు పన్నెండు, ఇంటి దగ్గర రోజూ 20 నిమిషాల సాధన. యోగా చేసినవాళ్లలో 54 శాతం మందికి గుణం కనిపించింది. పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో అది 33 శాతం. సీబీటీ తీసుకున్నవాళ్లలో 71 శాతం. యోగా పనిచేస్తుందని ధైర్యంగా చెప్పడానికి ఈ అంకెలు చాలు. అదే చాలు, కౌన్సిలింగు అక్కర్లేదు అని చెప్పడానికి మాత్రం చాలవు. ఎవరి మందులనూ ఆపమని మీరు చెప్పకూడదు, తగ్గించమనీ అనకూడదు. సంఖ్య విషయంలో నేను ఎనిమిది దగ్గర ఆగుతాను. పక్కన ఇంకో టీచరు తప్పనిసరి. ఎవరికైనా మధ్యలో దుఃఖం పొంగితే ఒకరు వాళ్లతో బయటికి వెళ్లాలి, ఇంకొకరు మిగతావాళ్లను చూసుకోవాలి.

సమయానికి ఈ ఊళ్లో మంచి ఉపాయం ఒకటుంది. వారాంతంలో పిల్లలను తెలుగు తరగతికో కూచిపూడికో దింపి, తల్లిదండ్రులు కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. అలా ఖాళీగా గడిచే గంటంబావు సమయాన్ని మీ తరగతికి ఇమ్మని అడగండి. వేరే డ్రైవింగ్ లేదు, పిల్లలను చూసుకునే మనిషి అక్కర్లేదు, ఎక్కడికి వెళ్తున్నావని ఎవరూ అడగరు. లైబ్రరీ గది కావాలంటే, డబ్బు వసూలు చేసే కార్యక్రమాలకు ఇస్తారో లేదో ముందే అడగండి. క్లబ్‌హౌసైతే అద్దాల గోడ లేనిది చూసుకోండి.

ఆందోళనతో వచ్చిన మనిషిని రాగానే కళ్లు మూసుకుని కూర్చోమంటే లోపలి గోల ఇంకా పెద్దదవుతుంది. ముందు ఒళ్లు కదలనివ్వాలి. బెంగళూరులోని ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం రూపొందించిన ఆవర్తన ధ్యానంలో కాసేపు నెమ్మదైన కదలిక, కాసేపు విశ్రాంతి, మళ్లీ కదలిక వస్తాయి. మన బృందాలకు ఈ వరస బాగా నప్పుతుంది. తర్వాత భ్రామరి, వదిలే ఊపిరి పొడవుగా ఉండే శ్వాస, చివర బిహార్ స్కూల్ ఆఫ్ యోగా పద్ధతిలో ఓ ఇరవై నిమిషాల యోగనిద్ర. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టడం ఈ బృందంలో వద్దు. రక్తపోటు ఉన్నవాళ్లకు ముప్పు, పానిక్ వచ్చేవాళ్లకు గుండె దడ మళ్లీ మొదలుకావచ్చు. కళ్లు తెరిచి చేసినా ఫర్వాలేదని ప్రతిసారీ చెప్పండి. ఒంటి మీద చెయ్యి వేసి భంగిమ సరిచేయకండి. పెద్దవాళ్లకు చేతులు లేని కుర్చీలు సిద్ధంగా ఉంచండి, వెనక వరసలో కాదు, అందరి మధ్యలో.

ఇక మీ సంగతి. 200 గంటల శిక్షణతో యోగా టీచరు కావచ్చు. యోగా థెరపిస్టుగా ఐఏవైటీ (యోగా థెరపిస్టుల అంతర్జాతీయ సంఘం) గుర్తింపు పొందాలంటే ఆ పైన కనీసం 800 గంటల కోర్సు ఉంది. అది లేకపోతే థెరపీ అనే మాట వాడకుండా ‘ఒత్తిడికి యోగా’ అనండి, అందులో చిన్నతనం లేదు. లయబిలిటీ ఇన్సూరెన్సు తీసుకోండి. మీరు డిపెండెంట్ వీసా హెచ్4 మీద ఉండి, పని చేసే అనుమతి పత్రం ఈఏడీ లేకపోతే ఫీజు తీసుకోకూడదు. హెచ్1బి మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన ఉద్యోగం దాటి డబ్బుకు నేర్పకూడదు. గురుదక్షిణ అన్నా, గిఫ్ట్ కార్డు అన్నా అధికారుల కంటికి అది సంపాదనే కావచ్చు. ఒక్కసారి ఇమిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి అడిగి తెలుసుకోండి. సేవ చేయబోయి సంసారం మీదికి తెచ్చుకోవద్దు.

ఎనిమిది వారాలో పన్నెండు వారాలో ముందే చెప్పి, చెప్పిన రోజున ముగించండి. మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకోవద్దు. మొదటి వారం, ఆఖరి వారం పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ నింపించండి. అది గడిచిన నెల గురించి అడుగుతుంది, అందుకే వారం వారం ఇవ్వడంలో అర్థం లేదు. కాగితాలు తాళం వేసిన అరలో ఉండాలి. ఎవరి స్కోరు తగ్గలేదో, ఇంకా పెరిగిందో వాళ్లకు విడిగా ఫోన్ చేయండి. ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. కంపెనీలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉంటే దాని కింద కొన్ని కౌన్సిలింగ్ సెషన్లు ఉచితంగా దొరుకుతాయని, మామూలుగా ఆఫీసులో మేనేజరుకు చెప్పరని చెప్పండి. అపాయింట్‌మెంటు దొరికిందో లేదో వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి.