ముప్పై ఏళ్ల పొగ... ఇప్పుడు మానినా మేలే!

సందేహం: నా వయసు 52. ముప్పై ఏళ్లుగా రోజూ పది, పన్నెండు సిగరెట్లు కాలుస్తున్నాను. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేవగానే దగ్గు, కళ్లె. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇన్నేళ్లు కాల్చాక ఇప్పుడు మానితే మాత్రం ఏం లాభం?
- ఓ పాఠకుడు, కాకినాడ

సమాధానం: లాభం ఉంది, చాలా ఉంది. ముందు ఒక మాట. ఎక్స్‌రే బాగుందని ధీమాగా ఉండకండి. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించొచ్చు. మీరు చేయించుకోవాల్సింది స్పైరోమెట్రీ. నిండుగా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా, ఊపిరంతా అయిపోయేదాకా ఊదాలి. మొదటి సెకనులో వచ్చే గాలిని ఎఫ్ఈవీ1 అంటారు. శ్వాసనాళాలను వదులు చేసే మందు పీల్చాక కూడా అది మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కన్నా తక్కువుంటే సీఓపీడీగా అనుమానించాలి.

పొగ తాగనివారికీ వయసుతో ఎఫ్ఈవీ1 ఏటా 25-30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. పొగ ఈ తగ్గుదలను వేగవంతం చేస్తుంది. శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి, కళ్లె పేరుకుంటుంది, గాలిగదుల గోడలు చిరిగిపోతాయి. దాంతో పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక లోపలే చిక్కుకుంటుంది. మీ ఆయాసానికి ఇదే కారణం కావచ్చు. గుండె జబ్బు, రక్తహీనత లేవని కూడా నిర్ధారించుకోండి.

చిరిగిన గాలిగదులు తిరిగి రావు. ఉన్నవాటిని కాపాడుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. సీఓపీడీ తొలిదశలో ఉన్న పొగరాయుళ్లను అమెరికా, కెనడాల్లో 11 ఏళ్లపాటు గమనించారు. మానేసిన మగవారిలో ఎఫ్ఈవీ1 ఏటా 30 మి.లీ. తగ్గితే, మాననివారిలో 66 మి.లీ. తగ్గింది. ‘రోజుకు రెండే’ అని సరిపెట్టుకోకుండా పూర్తిగా మానండి.

సందేహం: మా నాన్నగారు సిగరెట్ మాని మూడు వారాలైంది. దగ్గు, కళ్లె ఇంకా పెరిగాయి. మానడం వల్ల చెడు జరుగుతోందా?
- ఓ పాఠకురాలు, వరంగల్

సమాధానం: లేదమ్మా. శ్వాసనాళాల్లో కళ్లెను పైకి నెట్టే సూక్ష్మకేశాలు పొగకు మొద్దుబారి ఉంటాయి. మానాక అవి మళ్లీ పనిలో పడతాయి కాబట్టి కొందరికి కొన్ని వారాలు దగ్గు పెరుగుతుంది. మళ్లీ సిగరెట్ ముట్టనివ్వకండి. అయితే కళ్లెలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా వెంటనే వైద్యుడికి చూపించండి. క్షయ, క్యాన్సర్ లేవని తేల్చుకోవాలి.

మానలేకపోతున్నవారు సిగ్గుపడొద్దు. నికోటిన్ వ్యసనానికి మందులున్నాయి, 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందొచ్చు. ఈ రోజే మొదలుపెట్టండి.