బోరు కాడ మనిషి పడిపోతే...

వానాకాలం పనులు ఊపందుకున్నాయంటే లింగాల మండలంలో రైతుకు చేనే ఇల్లు. పత్తికి మందు కొట్టాలి, మొక్కజొన్నకు నీరు పెట్టాలి, రాత్రిపూట అడవి పందులకు కాపలా కాయాలి. తడిసిన స్టార్టరు డబ్బా, అతుకులు వేసిన సర్వీసు వైరు, గట్టు మీద గడ్డిలో పాము, మూత తీసిన మందు డబ్బా, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఆస్పత్రి మాత్రం అచ్చంపేటలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉంటుంది. ఇక అప్పాపూర్ వంటి చెంచు పెంటల సంగతి చెప్పనక్కర లేదు. అక్కడ బండి కంటే ముందు ఫోను సిగ్నల్ కోసం వెతుక్కోవాలి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయితే గుండె ఆగిన మనిషికి నాలుగు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పది నిమిషాలు పోతే మనిషి దక్కడం చాలా కష్టం. ఇంత తక్కువ టైములో ఏ అంబులెన్సూ పొలం గట్టుకు రాలేదు. అప్పుడు అక్కడ ఉండేది మీరు, మీ పక్క చేను రైతు, కూలికి వచ్చిన ఆడవాళ్లు. కాబట్టి నేర్చుకోవలసిందీ వీళ్లే.

కరెంటు షాకుకు పుట్టిన వైద్యం

ఛాతీ నొక్కి గుండెను ఆడించే పద్ధతిని సీపీఆర్ అంటారు. దీన్ని కనిపెట్టిన వారిలో ముఖ్యుడు డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. పేరు విలియం కౌవెన్‌హోవెన్. అమెరికాలో స్తంభాలెక్కే లైన్‌మెన్లు షాకుతో చనిపోతుంటే కరెంటు కంపెనీలు ఈ పరిశోధనకు డబ్బు పెట్టాయి. ఆయనా, మరో ఇద్దరూ కలిసి ఛాతీ కోయకుండానే పైనుంచి నొక్కి గుండె పని చేయించవచ్చని 1960లో లోకానికి చెప్పారు. అంటే మన మోటారు కాడ జరిగే ప్రమాదానికే ఇది మొదట పుట్టింది.

షాకు కొట్టిన మనిషిని చూడగానే పరుగెత్తి పట్టుకోవద్దు. అట్లా పట్టుకుని ఒకరి వెనుక ఒకరు పోయిన ఇళ్లున్నాయి. ముందు మెయిన్ తీయాలి. స్టార్టరు ఆపినంత మాత్రాన వైరులో కరెంటు పోయిందని అనుకోవద్దు. ఫ్యూజులు తీసే వీలు లేకపోతే పొడి చెక్క మీద నిలబడి, ఎండిన కర్రతో వైరును తప్పించాలి. పచ్చి కట్టె పనికిరాదు. తెగిపడినది 11 కేవీ లైను అయితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు. లైన్‌మన్‌కో 1912కో ఫోను చేసి లైను ఆపించాల్సిందే.

తర్వాత మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, భుజం తట్టి పిలవండి. పలకడు, ఊపిరి లేదు. లేదా అప్పుడప్పుడు నోరు తెరిచి ఎగబీలుస్తున్నాడు. ఇక్కడే మనోళ్లు మోసపోతారు, "ఊపిరుంది లే" అనుకుంటారు. అది ఊపిరి కాదు, గుండె ఆగిన గుర్తు. ఒకరిని 108కు ఫోను చేయమని చెప్పి, మీరు మొదలుపెట్టండి. ఛాతీ మధ్యలో, రొమ్ముల నడుమ, ఎముక మీద ఒక అరచేతి మడమ ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేయాలి. మోచేతులు వంచకుండా ఒంటి బరువుతో నొక్కాలి. పెద్దవాళ్లకు ఛాతీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 మించకుండా దిగాలి. నొక్కిన ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే వడ్లు దంచే వేగం కంటే బాగా ఎక్కువ. నోటితో ఊపిరి ఊదడం వచ్చినవారు 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వొచ్చు. రానివారు ఊరికే నొక్కుతూ ఉన్నా చాలు. పక్కటెముక 'టక్' మన్నా ఆపొద్దు. ఎముక అతుకుతుంది.

నోట్లో నీళ్లు పోయడం, అరికాళ్లు రుద్దుతూ కూర్చోవడం, కరెంటు దిగిపోతుందని ఇసుకలో పూడ్చడం, వీటితో పోయేది టైమే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగుతూనే కుప్పకూలిన మనిషిని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇట్లాగే ఛాతీ నొక్కి బతికించాడు. ఆయన చేతిలో ఏ పరికరమూ లేదు.

పాము కరిస్తే

నల్లమల అంచు ఊళ్లకు ఇది కొత్త కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని లెక్క తేలింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసే సూదిమందు ఒకటే. అది ఆస్పత్రిలోనే ఉంటుంది. అందుకే పామును చంపి తేవాలని తిరగొద్దు. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం మానాలి. బిగించి కడితే కాలు చచ్చుబడుతుంది. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. కాలుకు కట్టె ఆనించి, కదలకుండా గుడ్డతో వదులుగా చుట్టి, నడిపించకుండా తీసుకుపోవాలి. కాటు పడిన టైము గుర్తుంచుకోవాలి.

కట్లపాము సంగతి వేరుగా చెప్పుకోవాలి. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరాడదు. గుండె మాత్రం ఆడుతూనే ఉండొచ్చు. దారిలో ఊపిరి ఆగితే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి 5, 6 సెకన్లకు ఒకసారి ఊదుతూ పోతే మనిషి ఆస్పత్రి వరకు నిలుస్తాడు. కరిచింది కనపడకపోయినా, నేల మీద పడుకున్నవాడికి పొద్దున్నే రెప్పలు వాలితే పాము అనే అనుమానించండి.

మందు ఒంటికి ఎక్కితే ఇది తిరగబడుతుంది, నోటితో ఊదొద్దు, ఊదినవాడికీ విషం ఎక్కుతుంది. బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్లంతా కడగాలి, వాంతి చేయించొద్దు, డబ్బా లేబులుతో సహా డాక్టరుకు చూపాలి. ఊపిరి ఆగితే ఛాతీ మాత్రమే నొక్కాలి.

బావిలోనో కాలువలోనో మునిగిన పిల్లవాణ్ణి తలకిందులుగా తిప్పి నీళ్లు కక్కించే అలవాటు ఇంకా పోలేదు. నీళ్ల కోసం చూడొద్దు. వీళ్లకు ముందు ఊపిరి ఊది, తర్వాత నొక్కాలి.

దారిలో ప్రమాదం చూసి ఆగితే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని భయపడేవారున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు.

2023 మార్చి 1న రాష్ట్ర ప్రభుత్వం మేడ్చల్‌లో సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. చదివి నేర్చుకునేది కాదిది, బొమ్మ మీద ఒక్కసారైనా నొక్కి చూడాలి. మీ ఊళ్లో పదిమంది కలిసి పీహెచ్‌సీ డాక్టరునో 108 సిబ్బందినో అడగండి, వరి నాట్లకు ముందు ఒక పూట చాలు. రెండు నిమిషాలు సరిగ్గా నొక్కితే ఎంత బలమున్న రైతుకైనా చేతులు లాగుతాయి, అప్పుడు రెండోవాడు అందుకోవాలి. కాబట్టి ఇంటికి ఒక్కరు కాదు, ఇద్దరు రండి. ఆడవాళ్లు కూడా.