సంఘపు పుస్తకములు ఎవరి పూచీ?

చింతాద్రిపేటకు ఆ పేరు ‘చిన్న తఱిపేట’ అను మాటనుండి వచ్చినదని చెప్పుదురు. తఱి అనగా తమిళమున మగ్గము. గవర్నరు మార్టన్ పిట్ కాలమున, 1734లో, నేతవారిని, నూలు వడుకువారిని, అద్దకమువారిని ఒకచోట కాపురముంచుటకు కుంపిణీవారు ఆ పేటను ఏర్పరచిరి. ఇది మనకెట్లు తెలిసినది? కోటలో జరిగిన ఆలోచనసభల సంగతులను వ్రాసి భద్రపరచుట అక్కడ ఒక ఉద్యోగము. ఆ పుస్తకములు ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ దస్త్రాలయమున నేటికిని ఉన్నవి. కుంపిణీవారు నేతగానికి చేసిన కీడు మాట వేరు. వ్రాత ఎవరి పనియో వారు ముందే తేల్చుకొనిరి.

మన యిండ్లలో పడుగు ఎవరు తోడవలెనో, కండెలు ఎవరు చుట్టవలెనో పసిపిల్లలకును తెలియును. సంఘపు గదిలో మాత్రము ఏ పుస్తకము ఎవరిదో చెప్పగలవారు అరుదు. అధ్యక్షుడు కార్యదర్శి చూచుకొనుననును. కార్యదర్శి గుమాస్తా ఉన్నాడు గదా యనును.

నూలు ఖాతానే తీసికొందము. 840 గజముల నూలు ఒక చిలప. ఎన్ని చిలపలు కలిసి ఒక పౌను తూగునో అదియే ఆ నూలు నంబరు. తూకము కిలోలలోనికి మారినను నంబరు మాత్రము ఆ పాత లెక్కమీదనే నడచుచున్నది. గుమాస్తా 60వ నంబరు నూలు ఇచ్చి, తొందరలో 40 అని వ్రాసినాడనుకొనుడు. నెల చివర తూకము చక్కగా సరిపోవును. పౌను పౌనే గదా! కాని 60వ నంబరు పౌనులో 50,400 గజములుండగా, 40వ నంబరులో 33,600 గజములే యుండును. ధర వేరు, మజూరీ వేరు. సన్నని నూలు నేసిన వానికి ముతక నూలు మజూరీ ముట్టును. పైగా సరకు లెక్కించిన నాడు 60వ నంబరులో తరుగు కనబడి, అనుమానము నేతగానిమీదికి పోవును. కాబట్టి తూచి ఇచ్చువాడు ఒకడు, ఖాతా వ్రాయువాడు వేరొకడు, నెలకొకసారి బీరువా తెరిపించి నంబరువారీగా లెక్కించువాడు మూడవవాడు కావలెను. ఇద్దరే ఉద్యోగులున్న సంఘమున ఆ మూడవ పనిని పాలకవర్గ సభ్యులు వంతులవారీగా చేయవలెను. నేతగాని పాసుపుస్తకము అప్పటికప్పుడు అతని యెదుటనే నింపవలెను. ‘పుస్తకము ఉంచి పొమ్ము, రేపు వ్రాసి ఇచ్చెదము’ అనుట సాగనీయరాదు.

సభ్యుల రిజిష్టరు సంగతి చిన్నదిగా తోచును. పెండ్లికి ముందు సంఘములో చేరినవాడు వారసురాలిగా తల్లి పేరు వ్రాయించును. ఇరువదియేండ్ల తరువాత అతడు పోయినచో, వాటా సొమ్ముకై వచ్చిన భార్యకు రిజిష్టరులో తన పేరు కనబడదు. ఏటేట సభ్యులనడిగి ఈ పేర్లు సరిచూచు పని ఎవరికిని అప్పగింపకపోవుటయే ఇందలి లోపము.

రంగుల విషయమున మన అలవాటు మరీ చెడ్డది. చెన్నపట్టణపు గళ్ల బట్టను గూర్చి వ్యాపారులు చెప్పుకొను కథ యొకటి కలదు. 1958లో విలియం జాకబ్సన్ అను దిగుమతిదారు ఇచ్చట కొనిన వేల గజముల బట్ట అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్ వారికి చేరినదట. వారు దానితో కోట్లు మొదలగునవి కుట్టించి అమ్మిరి. చన్నీళ్లలో జాగ్రత్తగా ఉతుకవలెనను మాట కొనినవారిదాక పోలేదు. ఉతికినంతనే రంగులు ఒకదానిలోనికొకటి దిగినవి. తరువాత ఆ రంగు దిగుటనే ఒక గొప్పగా ప్రకటించి అమ్ముకొనిరి. అది వారి అదృష్టము. మన చీరకు అట్టి ప్రకటన చేయువారు దొరకరు! సంగతి తెలిసినవారు ఇచ్చట ఉండిరి. సరకుతోపాటు దానిని పంపు పూచీ ఎవరిదో తేలలేదు. మన సంఘములలో రంగు పాళ్లు అద్దకపు మేస్త్రీ తలలోనే యుండును. ప్రతి తొట్టికిని నూలు బరువు, రంగు బరువు, కాగిన వేడి, ఉంచిన సేపు వ్రాసి, అద్దిన నూలుపోగు నొకదానిని ఆ పుటకే అంటింపవలెను. మేస్త్రీకి వ్రాత రాకున్న, చెప్పుచుండగా వ్రాసికొనువానిని నియమింపవలెను. మేస్త్రీ అనుభవమునకు విలువ కట్టి కొంత సొమ్మిచ్చుటయు న్యాయమే.

కంప్యూటరు వచ్చినది గనుక ఈ చిక్కులు తీరినవనువారు కలరు. దాని రహస్యపదము ఒక్క కుర్రవానికే తెలిసియున్నచో, అతడు వేరొక కొలువునకు పోయిననాడు సంఘము తన లెక్కలకు తానే పరాయిదగును. ఆ పదమును లక్కవేసిన కవరులో బీరువాయందుంచవలెను. లెక్కల నకలును వారమున కొకసారి మరియొక భవనమునకు చేర్చవలెను. 2015 డిసెంబరు వరదలు చూచిన చెన్నపట్టణమువారికి నేలమట్టపు గదిలోని కాగితముల గతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఏడాది ఆరంభమున పాలకవర్గము కూర్చుండి ఒక కాగితముపై గళ్లు గీయవలెను: పుస్తకము పేరు, వ్రాయువాడు, సరిచూచువాడు, అతడు సెలవులో ఉన్నచో బదులు పనిచేయువాడు, తాళము ఉంచుకొనువాడు. ‘ఆఫీసు సిబ్బంది’ అని వ్రాసిన గడి ఖాళీ గడితో సమానము. మనిషి పేరు ఉండవలెను. ఉద్యోగి మారినపుడు పాతవాడు, క్రొత్తవాడు పుస్తకములను ఒక్కొక్కటిగా చూచుకొని జాబితాపై ఇరువురును సంతకము చేసిన తరువాతనే పాతవానికి విడుదల కాగితమీయవలెను. ఆ గళ్ల కాగితమును తీర్మానముగా అంగీకరించి, తెలుగున ఒక ప్రతిని నూలు ఇచ్చు కిటికీ ప్రక్కన అంటించినచో, ఏ సంగతి ఎవరిని అడుగవలెనో నేతగాడు అక్కడనే చూచుకొనును.