ఊరే యజమాని: గ్రీన్ బే ప్యాకర్స్

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. వీటిలో కోటీశ్వరుల చేతిలో కాకుండా సామాన్య వాటాదారుల చేతిలో ఉన్నది గ్రీన్ బే ప్యాకర్స్ ఒక్కటే. విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్ష పైచిలుకు జనాభా ఉన్న చిన్న నగరం దీని సొంతూరు. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కల్హూన్ జట్టును నెలకొల్పారు. లాంబో పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీ యూనిఫారాలకు డబ్బిచ్చింది. జట్టు పేరు అలా వచ్చిందే.

ముఖ్యంగా తెలుసుకోవాల్సింది యాజమాన్య పద్ధతి. 1923 నుంచి జట్టు లాభాపేక్ష లేని సంస్థ. వాటాదారులు ఐదు లక్షలకు పైనే. డివిడెండ్ రాదు, వాటాను లాభానికి అమ్ముకునే వీల్లేదు, మ్యాచ్ టికెట్ కూడా ఉచితం కాదు. అయినా అమ్మకానికి పెట్టినప్పుడల్లా జనం ఎగబడి కొంటారు! ఇప్పటి లీగ్ నిబంధనలు ఇలాంటి యాజమాన్యాన్ని ఒప్పుకోవు. పాతది కాబట్టి ప్యాకర్స్‌కు మినహాయింపు.

విన్స్ లొంబార్డి కోచ్‌గా ఉండగా ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్‌ను మొదటి రెండుసార్లూ ఈ జట్టే గెలిచింది. సూపర్ బౌల్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. 1967 డిసెంబర్ 31న డల్లాస్ కౌబాయ్స్‌తో జరిగిన 'ఐస్ బౌల్' మరో ముఖ్యాంశం. మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిలో రిఫరీల ఈలలు పనిచేయక, నోటితోనే అరిచి ఆట నడిపారు. ప్యాకర్స్ 21-17తో గెలిచారు.

సొంత మైదానం లాంబో ఫీల్డ్ (1957). మొత్తం లీగ్ టైటిళ్లు 13, అందులో సూపర్ బౌల్‌లు 4. పాడి పరిశ్రమకు పేరున్న రాష్ట్రం కాబట్టి అభిమానులు జున్నుముక్క ఆకారపు టోపీలు పెట్టుకుంటారు.