సర్కారు పనికి ఊరి సాయం

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున వలంటీర్లను పెట్టి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. తెలంగాణలో అలాంటి కొలువు లేదు. నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌లో ఎవరైనా "వలంటీర్ పోస్టు ఇప్పిస్త, పైసలు కట్టు" అంటే నమ్మకండి. ఇక్కడ సేవ అంటే మీ కూలీ, కొలువు, చదువు చూసుకున్నాక మిగిలిన పూట చేసే పని. అట్లాంటి పని మాత్రం చేతినిండా ఉంది.

2016లో బాల్కొండ నుంచి విడిపోయి ముప్కాల్ మండలమైంది. ఆఫీసులు దగ్గరికొచ్చాయి. కానీ భర్త గల్ఫ్‌లో ఉండి, కోడలు బీడీలు చుడుతూ, అత్త మంచం పట్టిన ఇంటికి ఆఫీసు ఇప్పటికీ దూరమే. ఫోనుకు వచ్చిన మెసేజ్ చదివి చెప్పేవాళ్లుండరు. పింఛను ఎందుకు ఆగిందో అడగడానికి ఒక రోజు కూలీ పోగొట్టుకోవాలి. మీ సాయం అక్కడ మొదలు కావాలి.

ముందు పంచాయతీ కార్యదర్శిని కలవండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ పనులు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం కోసం స్థాయీ సంఘాలుండాలి. మీ ఊళ్లో అవి కాగితం మీదే ఉన్నాయా, కూర్చుని మాట్లాడుతున్నాయా అడగండి. రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో మీ పేరు, మీరు తీసుకునే పని అందరి ముందూ చెప్పించుకోండి. ఇది చిన్న విషయం కాదు. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల మాట చాలా చెల్లుతుంది. బడికి, గుడికి డబ్బు పోగుచేసి పనులు చేయించిన కమిటీలున్నాయి. జరిమానాలు వేసి, కుటుంబాలను వెలివేసి కేసుల్లో ఇరుక్కున్నవీ ఉన్నాయి. మీరు పంచాయతీ తరఫున వచ్చారని తెలిస్తేనే, కమిటీతో పడని ఇల్లు కూడా మీకు తలుపు తీస్తుంది.

ఏ పని తీసుకోవాలి? ఒక్కటే తీసుకోండి. ఉదాహరణకు పింఛన్లు. ఆసరా పథకంలో బీడీ కార్మికులకు కూడా పింఛను ఇచ్చిన రాష్ట్రం మనది. అయితే ఏళ్లతరబడి ఆకు కత్తిరించి, దారం చుట్టిన వేళ్ల గీతలు అరిగిపోతే పింఛనిచ్చే మిషను మీద వేలిముద్ర పడదు. అలాంటి కార్మికురాలు రెండుసార్లు తిరిగి, మూడోసారి మానుకుంటుంది. మీ వాడలో అట్లాంటివాళ్లు ఎవరెవరో రాసుకోండి. ముద్ర పడనివాళ్లకు ఉన్న వేరే దారి ఏమిటో కార్యదర్శినీ పోస్టాఫీసులోనూ అడిగి, పంపిణీ రోజున వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. డబ్బు మాత్రం మీ చేతికి రానివ్వకండి. ఓటీపీ చెప్పమనకండి, ఏటీఎం కార్డు ముట్టకండి. వాళ్లే ఇచ్చినా వద్దనండి.

మరాఠీ వచ్చినవాళ్లకు ఇంకో పనుంది. మహారాష్ట్ర సరిహద్దు దాటి పనికొచ్చిన కుటుంబాల పిల్లలు చాలాసార్లు ఆశా రిజిస్టరులో ఉండరు. బుధ, శనివారాల్లో టీకాలుంటాయని ఆ తల్లులకు వాళ్ల భాషలో చెప్పి, పిల్లల పేర్లు ఆశా అక్కకు అందించండి. సూది గురించి, మందు గురించి సలహా ఇవ్వకండి. అది ఏఎన్ఎం చూసుకుంటుంది.

పంచాయతీ సిబ్బంది చేయాల్సిన పనిని మీరు నెత్తికెత్తుకోకండి. మోరీ తీసే మల్టీపర్పస్ వర్కర్ జీతం కోసం ఎదురుచూస్తుంటే, మీరు పదిమంది చేరి ఫుకట్‌గా మోరీ తీయడం అతనికి సాయం కాదు. అతని పోస్టు అక్కర్లేదనే మాటకు బలమిచ్చినట్టవుతుంది. దానికి బదులు శుక్రవారం డ్రై డేనాడు ఇంటింటికీ తిరిగి తొట్లు, డ్రమ్ముల్లో నిల్వ నీళ్లు పారబోయించండి. ఆ వర్కర్ చేతికి గ్లౌజులున్నాయా అని గ్రామసభలో అడగండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఇంటి సమస్య, ఎవరికి చెప్పారు, ఏమన్నారు అన్నవి చాలు. ఆధార్ నంబర్లు అందులో రాయవద్దు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ పుస్తకం ఇంకోలా కూడా పనికొస్తుంది. ఇంటర్వ్యూలో "సమాజ సేవ చేశాను" అంటే ఎవరూ పట్టించుకోరు. ఆగిన పింఛను ఎక్కడ ఆగిందో ఎట్లా కనిపెట్టారో, ఏ ఆఫీసులో ఏమని మాట్లాడారో చెబితే వింటారు.

మండలంలో తేలకపోతే సోమవారం నిజామాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ మీరు రాసిపెట్టినా, సంతకమో వేలిముద్రో బాధితులదే ఉండాలి. వీలైతే వాళ్లనే తీసుకెళ్లి, వాళ్లతోనే చెప్పించండి. రసీదు జాగ్రత్తగా ఆ ఇంట్లోనే పెట్టించి, దాని నంబరు మాత్రం మీ నోటుబుక్కులో రాసుకోండి. మళ్లీ అడగాల్సి వస్తే అదే ఆధారం.