ముసుగు చూసి జడుసుకున్న పిల్లాడిని మళ్లీ తీసుకెళ్లాలా?

సమస్య

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక తల్లి నుంచి ఈ వారం ఉత్తరం వచ్చింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. ఊరి పార్కులో అక్టోబరు చివరి శనివారం జరిగే ఫాల్ ఫెస్టివల్‌కు ఇద్దరికీ వేషాలు వేసి తీసుకెళ్లాలని ఆమెకు ఎంతో ముచ్చటగా ఉంది. చిన్న గుమ్మడికాయలకు రంగులు వేయిస్తారు, ఎండుగడ్డి మోపుల మీద కూర్చోబెట్టి ట్రాక్టరు బండిలో తిప్పుతారు, ప్రతి స్టాలు దగ్గరా పిల్లల సంచిలో ఒక చాక్లెట్ వేస్తారు. డేకేర్‌లో బాబు స్నేహితులందరూ వస్తున్నారు.

ఇంట్లో మాత్రం తలో మాట. నిరుడు ఇలాంటి సంబరంలోనే అస్థిపంజరం ముసుగు తొడుక్కున్న ఒకాయన వంగి చాక్లెట్ ఇవ్వబోతే బాబు కెవ్వుమన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు రాత్రిపూట బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్లలేదు. మగపిల్లాడికి ఇప్పటినుంచే అలవాటు చేయాలని భర్త పట్టుదల. స్పైడర్‌మ్యాన్ డ్రస్సు ముసుగుతో సహా ఆయన అప్పుడే కొనేశారు. బాబు అన్నం దగ్గర పేచీ పెడితే ముసుగాయన వస్తాడని బెదిరించేదీ ఆయనే. గుంటూరు నుంచి వచ్చి వీళ్ల దగ్గర ఉంటున్న అత్తగారికి ఈ హాలోవీన్ పండగే గిట్టదు. దసరా, దీపావళి చేసుకునే ఇంట్లో దయ్యాల వేషాలేమిటని ఆవిడ ప్రశ్న. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చే మిఠాయిల్లో ఏం కలుపుతారోనన్న భయం ఒకటి. ఇంట్లో అందరూ శాకాహారులు కాబట్టి వాటిలో ఏముంటుందోనన్న అనుమానం మరొకటి. ఇదిలా ఉండగా దగ్గర్లోని చర్చివాళ్లు తమ ‘ట్రంక్ ఆర్ ట్రీట్’ అనే హాలోవీన్ వేడుకకు రమ్మని కాగితం పంపారు. వెళ్తే తప్పా అని ఆ తల్లి అడుగుతున్నారు.

ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది. బాబు మాత్రం తను చెత్త లారీ వేషం వేస్తానని పట్టుబట్టాడట.

సలహా

తీసుకెళ్లవచ్చు. పగటిపూట వెళ్లాలి, బాబు కోరిన వేషమే వేయాలి, ముసుగు ఉండకూడదు, వాడు ఇక చాలన్న నిమిషంలో ఇంటిదారి పట్టాలి. అక్టోబరు 31 హాలోవీన్ రాత్రి మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరగడం మాత్రం ఈ ఏటికి వద్దు.

అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసింది బాబు భయం. మూడు నాలుగేళ్ల వయసులో ముసుగు అంటే జడుసుకోవడం పిరికితనం కాదు. ఎదుటివాళ్లు ఎవరో, ఏ ఉద్దేశంతో ఉన్నారో పసిపిల్లలు మొహం చూసే తెలుసుకుంటారు. ఆ మొహమే కనబడకపోతే వాళ్లకు ఆధారం లేనట్టే. పైగా ఆ వయసులో నిజానికీ నటనకూ మధ్య గీత ఇంకా గట్టిపడదు. లోపల ఉన్నది మామూలు మనిషేనని పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పినా పిల్లాడి కళ్లకు కనిపించేది అస్థిపంజరమే. అలాంటి పిల్లాడిని మళ్లీ దాని ముందుకు నెట్టితే ధైర్యం రాదు. నాన్న చెయ్యి పట్టుకున్నా క్షేమం లేదన్న పాఠం ఒంటబడుతుంది.

అలవాటు చేయాలంటే పద్ధతి వేరే ఉంది. స్పైడర్‌మ్యాన్ ముసుగు ఎలాగూ ఇంట్లో ఉంది. పట్టపగలు, హాల్లో కింద కూర్చుని, తండ్రి దాన్ని బాబు చేతికివ్వాలి. వాడు తిప్పి చూస్తాడు, కళ్లచోట ఉన్న జాలీలోంచి వేలు దూర్చబోతాడు. తర్వాత వాడి కళ్లముందే తండ్రి తొడుక్కుని, వెంటనే తీసి, మాట్లాడి, మళ్లీ తొడుక్కోవాలి. వాడు తీసేయమంటే అప్పుడే తీసేయాలి. ముసుగు వెనక ఉన్నది నాన్నేనని, తన మాట చెల్లుతుందని రెండూ వాడికి అర్థమవుతాయి. ఇక అన్నం దగ్గర ముసుగాయన పేరు ఎత్తడం ఈ రోజునుంచే ఆగిపోవాలి. బూచాడి పేరు చెప్పి ముద్దలు తినిపించడం మన ఇళ్లలో తరాలుగా ఉన్న అలవాటే కావచ్చు. కానీ ఈ పిల్లాడు ఆ బూచాడిని నిజంగా చూశాడు. వాడి భయం ఇన్నాళ్లు నిలవడానికి ఆ బెదిరింపూ ఒక కారణమయ్యే ఉంటుంది.

అత్తగారి విషయంలో తొందరపడి కొట్టిపారేయడానికి లేదు. ఆవిడ అభ్యంతరం అమెరికాకు కొత్తదేమీ కాదు. హాలోవీన్‌లోని దయ్యాలు, మంత్రగత్తెలు తమ విశ్వాసానికి సరిపడవని పక్కకు జరిగే క్రైస్తవ కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. చాలా చర్చిలు, స్కూళ్లు తమ వేడుకకు ‘ఫాల్ ఫెస్టివల్’ అనే పేరు ఎంచుకుని, భయంకరమైన వేషాలు వద్దని, కథల్లోని పాత్రలతో రమ్మని ముందే చెప్పడానికి ఇదో ముఖ్య కారణం. అంటే గుంటూరు అత్తగారు, టెక్సస్ పాస్టరు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నారన్నమాట.

అసలు ఈ పండగ వేళ్లు ఐర్లండ్, స్కాట్లండ్‌ల పాత కెల్టు పండగ ‘సావిన్’లో ఉన్నాయని చెబుతారు. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ అది. ఆ రాత్రి చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నమ్మేవారు. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల పండగ కావడంతో దాని ముందు రాత్రికి హాలోవీన్ అనే పేరు నిలిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో కరువుకు తాళలేక ఓడలెక్కిన ఐరిష్ జనంతో అది అమెరికా చేరింది. తమ ఊళ్లలో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టినవాళ్లకు అక్కడ గుమ్మడికాయ దొరికింది.

పట్టణాలు పూనుకుని చేసే సంబరాలకు వేరే చరిత్ర ఉంది. మిన్నెసోటాలోని అనోకా అనే చిన్న పట్టణంలో హాలోవీన్ రాత్రి కుర్రాళ్ల ఆగడాలు శ్రుతి మించాయి. కొట్టాల్లోని ఆవులను విప్పి ప్రధాన వీధిలోకి తోలేవారు. విసిగిపోయిన పెద్దలు 1920లో ఊరేగింపు, మిఠాయిలు, చలిమంట ఏర్పాటు చేసి, పిల్లలందరికీ అందులో చోటిచ్చారు. అనోకా ఇప్పటికీ తనను ప్రపంచ హాలోవీన్ రాజధానిగా చెప్పుకుంటుంది. పిల్లలను చీకట్లోకి వదలకుండా పదిమంది కళ్లముందు ఆడించాలన్న ఆలోచనతోనే అక్కడ ఆ సంబరం పుట్టింది. ఉత్తరం రాసిన తల్లి వెళ్లాలనుకుంటున్నదీ అలాంటి చోటికే.

వేషాల సంగతికొస్తే, అత్తగారికి అవి కొత్తవా? దసరా రోజుల్లో కోస్తా ఊళ్లలో పులి వేషాలు, పగటి వేషాలు వీధివీధికీ వచ్చేవి. డప్పు మోతకు పులి ఎగిరి దూకుతుంటే అమ్మ కొంగు చాటున దాక్కోని పిల్లలు ఎందరు? ఇంకా దగ్గరి పోలిక దసరా పంతుళ్లది. బడిపంతులు పిల్లలను వెంటేసుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు, నోట పద్యాలు, పాటలు. ఇంటివారు పంతులుగారికి సంభావన ఇచ్చి, పిల్లల చేతుల్లో పప్పు బెల్లాలు పోసేవారు. కొత్త బట్టలు కట్టుకుని, ఇరుగుపొరుగు గుమ్మాల ముందు నిలబడి తీపి పుచ్చుకునే సరదా తెలుగు పిల్లలకూ ఉండేది. కోడలు ఈ మాట వాదనగా ఎత్తకూడదు. చిన్నప్పుడు దసరాకు మీ ఊళ్లో ఏం చేసేవారత్తయ్యా అని అడిగితే, బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆవిడే చెబుతారు.

మిఠాయిల్లో విషం అన్న భయం అమెరికన్ తల్లిదండ్రులకు కూడా ఉంది. డెలవేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలను దశాబ్దాల తరబడి తరచి చూశారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంచిన హాలోవీన్ మిఠాయి వల్ల ఒక్క పిల్లవాడైనా చనిపోయినట్టు ఆయనకు ఆధారం దొరకలేదు. 1974లో హ్యూస్టన్ దగ్గర ఒక బాలుడు సయనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజం. అందులో విషం కలిపింది బీమా డబ్బు కోసం కన్న తండ్రే అని కోర్టులో తేలింది.

శాకాహారం గురించిన అనుమానం మాత్రం నూటికి నూరుపాళ్లు సబబు. సంచిలో పడే చాలా మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. మార్ష్‌మెలోలు, సాధారణంగా దొరికే గమ్మీ బేర్లు, అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్, ఈ సీజనులో ఎక్కడ చూసినా కనిపించే క్యాండీ కార్న్, అన్నిటిలోనూ సాధారణంగా అది ఉంటుంది. ఇంటికి రాగానే సంచి టేబుల్ మీద బోర్లించి, కవర్ల వెనక చిన్న అక్షరాలు చదివి వేరుచేసే పని అత్తగారికి అప్పగిస్తే ఎంతో బాగుంటుంది. ఏడాదిన్నర పాపకు మరో జాగ్రత్త ఉంది. గట్టి చాక్లెట్లు, వేరుశనగ పలుకులు, పాప్‌కార్న్ నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడతాయని పిల్లల డాక్టర్లు హెచ్చరిస్తారు. అన్న సంచి చెల్లెలికి అందకూడదు.

రాత్రి తిరగడం వద్దనడానికి కారణం దయ్యాలు కావు, కార్లు. అమెరికాలో 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ల రోడ్డు ప్రమాదాల లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. హాలోవీన్ సాయంత్రం పాదచారులు వాహనాల కింద పడి చనిపోయే ముప్పు, దానికి వారం ముందు, వారం తర్వాత అవే గంటలతో పోలిస్తే 43 శాతం ఎక్కువగా ఉంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ ముప్పు సుమారు పది రెట్లు. బాబు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. పార్కులో, పార్కింగ్ లాట్‌లో వెలుగుండగా జరిగే వేడుకలో రోడ్డు దాటే పని ఉండదు.

ఆ లెక్కన చర్చివాళ్ల ట్రంక్ ఆర్ ట్రీట్ కూడా మంచి చోటే. కార్లను వరసగా నిలిపి, డిక్కీలు తెరిచి, అలంకరించి, పిల్లలు ఒక్కో కారు దగ్గరికీ నడుస్తుంటే చాక్లెట్లు వేస్తారు. ఇలాంటివి సాధారణంగా ఊరందరికీ తెరిచే ఉంటాయి. ఎక్కడైనా మత సంబంధమైన కరపత్రం చేతిలో పెడితే థాంక్స్ చెప్పి తీసుకోవచ్చు, వద్దనుకుంటే మర్యాదగా వద్దనవచ్చు. పిల్లలు ఆడుకోవడానికి వెళ్లినంత మాత్రాన మతం మారదు. అయినా ఈ ఏడు రెండు చోట్లకూ పరుగెత్తాల్సిన పని లేదు. పార్కు చాలు.

ఇక చెత్త లారీ. దీనికి మించిన వేషం దొరకదు. డైపర్ల అట్టపెట్టెకు అడుగు కోసేసి, బాబు నడుం చుట్టూ ఉండేలా పాత చున్నీతో భుజాలకు పట్టీలు కుట్టాలి. ఆకుపచ్చ రంగు వేసి, ముందు రెండు కాగితపు ప్లేట్లు అతికిస్తే హెడ్‌లైట్లు. వెనక మూత తెరుచుకునేలా వదిలితే వచ్చిన చాక్లెట్లన్నీ అందులోకే. మొహం పూర్తిగా బయటే ఉంటుంది, కాళ్లకు ఏదీ తట్టుకోదు. డాలస్‌లో అక్టోబరు చివర మధ్యాహ్నాలు ఇంకా వేడిగా ఉండొచ్చు కాబట్టి లోపల నూలు బట్టలే వేయాలి. పాపకు మామూలు గౌను, తలకు ఏదో ఒక చెవుల టోపీ ఉంటే చాలు, అదీ తను ఉంచుకుంటేనే. స్పైడర్‌మ్యాన్ డ్రస్సును రసీదుతో తిరిగి ఇచ్చేయడమో, మరుసటి ఏడాదికి దాచడమో తండ్రి ఇష్టం.

సంబరం మొదలయ్యే వేళకే వెళ్తే జనం పలచగా ఉంటారు. హంగామా ముదిరేలోపు చూడాల్సినవి చూడవచ్చు. ముసుగువాళ్లు ఎవరైనా ఎదురైతే బాబును ఎత్తుకుని పక్కకు తప్పుకోవాలి. నవ్వకూడదు, వెనక్కి లాక్కెళ్లకూడదు. అరగంటకే వాడు ఇంటికి పోదామంటే ఆ అరగంటే వాడి పండగ.

ఇలాంటి సంబరాల్లో స్టాళ్లు పెట్టే తెలుగు కుటుంబాలకు, సంఘాలకు ఒక మనవి. పసిపిల్ల దగ్గరికి వస్తోందనగానే ముసుగు తీసేయండి, మోకాళ్ల మీద కూర్చుని మీ మొహం చూపించి చాక్లెట్ ఇవ్వండి. మిఠాయిల పక్కన చిన్న బొమ్మలు, స్టిక్కర్లు, రంగు పెన్సిళ్ల గిన్నె కూడా పెట్టండి. వేరుశనగ, పాలు పడని పిల్లల కోసం తినుబండారాలు కానివి ఉన్నాయని తెలిపే నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ ఆనవాయితీ 2014 నుంచి అమెరికా అంతటా ఉంది. శాకాహారుల ఇళ్ల పిల్లలకూ ఆ గిన్నె ఉపయోగపడుతుంది.